టెలిస్కోప్ లేకుండా ఆకాశాన్ని చదవడం ఎలా? బంతి దగ్గర మొదలుపెట్టి బ్లాక్ హోల్ దాకా

బ్లాక్ హోల్ ఎక్కడుంటుందని అడిగితే చాలామంది "అంతరిక్షంలో" అంటారు. ఇల్లెక్కడ అని అడిగితే "భూమ్మీద" అన్నట్టుంటుంది ఆ జవాబు. నిజానికి రెండు మూడు బ్లాక్ హోళ్లు ఏ దిక్కున ఉన్నాయో వేలు పెట్టి చూపించొచ్చు. వెలుగును కూడా బయటికి వదలవు కాబట్టి అవి కంటికి ఆనవు, అంతే. ఆనకపోయినా ఉన్నాయని ఎలా తెలిసిందో ఆకాశంలో పక్కనే ఉన్న చుక్కలు చెబుతాయి. ఆ చుక్కల్ని పట్టుకోవడం నాలుగైదు రాత్రుల పని.

కావలసినవి: 14 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న బంతి, నడవడానికి కాస్త జాగా, చీకటి, మీ పిడికిలి. బైనాక్యులర్ ఉంటే మంచిదే, లేకపోయినా ఆగక్కర్లేదు. టెలిస్కోప్ మాత్రం ఇప్పుడే కొనకండి. డబ్బా మీద "500 రెట్లు పెద్దగా" అని రాసి ఉందని నేను మొదట్లో ఒకటి కొన్నాను. దాని అద్దం 60 మిల్లీమీటర్లు. మిల్లీమీటరుకు రెండు రెట్ల చొప్పున 120 రెట్లు దాటితే ఏ అద్దమైనా మసకే చూపిస్తుందని తర్వాత తెలిసింది. పైగా ఊపిరి తగిలితే ఊగే స్టాండు. చంద్రుడు తప్ప అందులో ఏమీ దొరకలేదు.

1. ముందు పగటిపూట కొలత వేయండి

మన లెక్క సులువు: ఒక సెంటీమీటరంటే లక్ష కిలోమీటర్లు. సూర్యుడి వ్యాసం సుమారు 14 లక్షల కిలోమీటర్లు, అందుకే 14 సెంటీమీటర్ల బంతి. దాన్ని నేలమీద పెట్టి నడవడం మొదలుపెట్టండి. పెద్ద అంగకు 75 సెంటీమీటర్లు అనుకుంటే ఎనిమిదో అంగ దగ్గర బుధుడు, పద్నాలుగో అంగ దగ్గర శుక్రుడు. ఇరవయ్యో అంగ దగ్గర ఆగండి. ఒక ఆవగింజ పెట్టండి. అదే భూమి, వ్యాసం 1.3 మిల్లీమీటర్లు. దాని పక్కన నాలుగు సెంటీమీటర్లకు కాస్త తక్కువ దూరంలో సూదిమొన వంటి చుక్క పెడితే చంద్రుడు. మనిషి ఇప్పటిదాకా స్వయంగా వెళ్లిన దూరం ఆ నాలుగు వేళ్ల వెడల్పు కన్నా తక్కువ.

ముప్పయ్యో అంగకు అంగారకుడు. తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. నూరు అంగలు దాటాక గోళీకాయంత గురుడు, 190 దగ్గర శని. నెప్ట్యూన్ దాకా వెళ్లాలంటే 450 మీటర్లు, అంటే ఆరు వందల అంగలు. బడి పుస్తకాల్లో గ్రహాలన్నీ ఒకే పేజీలో వరసగా, పక్కపక్కనే ఉన్నట్టు వేస్తారు చూడండి, ఆ బొమ్మ మన బుర్రల్ని ఎంతగా పాడుచేసిందో ఈ నడకలో తెలుస్తుంది.

ఇంకొక్క విషయం. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. మన కొలతలో అది సెకనుకు 3 సెంటీమీటర్లు. చీమ నడక! బంతి దగ్గర బయల్దేరిన చీమ ఆవగింజను చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. అదే చీమ సూర్యుడి తర్వాత మనకు అన్నిటికన్నా దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీని చేరాలంటే నాలుగేళ్లకు పైగా నడవాలి. మన కొలతలో అది 4,000 కిలోమీటర్ల అవతల ఉంది. ఈ బంతినీ చీమనూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనిపడుతుంది.

2. కళ్లను చీకటికి అలవాటు చేయండి

వీధి దీపాలు నేరుగా కంట్లో పడని చోట ఇరవై నిమిషాల నుంచి అరగంట వరకు ఊరికే కూర్చోండి. ఈ మధ్యలో ఒక్కసారి సెల్‌ఫోన్ తెరిచినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. దారి చూసుకోవడానికి టార్చికి ఎర్ర కాగితం చుట్టుకోండి. చీకట్లో పనిచేసే కణాల మీద ఎర్ర కాంతి ప్రభావం తక్కువ.

మసక చుక్కల్ని సూటిగా కాకుండా ఓరకంట చూడాలి. కంటి మధ్యభాగం పగటి రంగుల కోసం, చీకటి చూపు దాని అంచుల్లో ఉంటుంది. కృత్తికల మీద ప్రయత్నించండి: సూటిగా చూస్తే ఐదో ఆరో, పక్కకు చూస్తూ గమనిస్తే గుంపంతా కళ్లు తెరిచినట్టవుతుంది.

3. పిడికిలితో కొలవండి

చేయి చాచి పిడికిలి బిగించి పట్టుకుంటే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. చిటికెన వేలి వెడల్పు ఒక డిగ్రీ. పున్నమి చంద్రుడు అరడిగ్రీ మాత్రమే, చిటికెన వేలితో పూర్తిగా మూసేయొచ్చు. నమ్మకపోతే చేసి చూడండి. చిన్నపిల్లలకూ ఇదే లెక్క సరిపోతుంది, ఎందుకంటే చేయి చిన్నదైతే పిడికిలీ చిన్నదే.

సప్తర్షి మండలంలో గరిటె అంచున ఉన్న రెండు చుక్కల్ని కలిపే గీతను మూడు పిడికిళ్ల దూరం పొడిగిస్తే ధ్రువ నక్షత్రం తగులుతుంది. అది ఆకాశంలో అన్నిటికన్నా పెద్ద వెలుగని చాలామంది అనుకుంటారు కానీ, నిజానికి మధ్యరకం చుక్క. దిగంతం నుంచి అది ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉందో కొలవండి, అదే మీరున్న అక్షాంశం. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నవాళ్లకు అది కనిపించదు.

4. గ్రహాలను నక్షత్రాల నుంచి విడదీయండి

మిణుకుమిణుకుమంటే నక్షత్రం, నిలకడగా వెలిగితే గ్రహం. నక్షత్రం మనకు ఒక బిందువు, గాలి పొరలు కాస్త కదిలినా దాని వెలుగు చెదురుతుంది. గ్రహం చిన్నదే అయినా బిళ్ల, అందుకే తట్టుకుంటుంది. దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు గ్రహాలు కూడా మినుకుమంటాయి కాబట్టి పైకి వచ్చేదాకా ఆగి తేల్చుకోండి.

రెండో గుర్తు దారి. సూర్యుడు పగలు నడిచే దారినే చంద్రుడూ గ్రహాలూ కొద్దిగా అటూ ఇటూగా నడుస్తాయి. ఆ దారికి దూరంగా, ఉత్తరాన ధ్రువుడి పక్కన గ్రహం ఎప్పటికీ కనిపించదు. చంద్రుడైతే రోజుకు పిడికిలి కన్నా కాస్త ఎక్కువ, సుమారు 13 డిగ్రీలు తూర్పుకు జరుగుతాడు. ఇవాళ రోహిణి పక్కన ఉంటే రేపు మృగశిర దగ్గర. 27 రోజులకు ఆ చుట్టు పూర్తవుతుంది, 27 నక్షత్రాల లెక్క అక్కడిదే.

వేగుచుక్కగానో సాయంత్రపు చుక్కగానో కనిపించే శుక్రుడు సూర్యుడికి 47 డిగ్రీలు మించి దూరం పోడు. కాబట్టి నడిరాత్రి నడినెత్తిన తెల్లగా, నిలకడగా వెలిగేది ఏదైనా ఉంటే అది శుక్రుడు కాదు, చాలావరకు గురుడే అయ్యుంటాడు. గురుడు సూర్యుణ్ణి చుట్టి రావడానికి పుష్కరకాలం పడుతుంది, అంటే రాశికి ఏడాది. శనికి 29 ఏళ్లన్నర. బైనాక్యులర్‌ను గోడకో స్తంభానికో ఆనించి గురుణ్ణి చూడండి. రెండు పక్కలా ఒకే వరసలో సన్నని చుక్కలు. 1610 జనవరిలో గెలీలియో చూసిన నాలుగు చందమామలు అవే. రేపు చూస్తే వాటి చోట్లు మారి ఉంటాయి.

సూర్యుడి వైపు మాత్రం బైనాక్యులర్ ఎత్తకండి. ఒక్క క్షణం చాలు, కన్ను పోతుంది.

5. రంగును బట్టి నక్షత్రం వయసు, గతి ఊహించండి

నాకు ఈ పని అన్నిటికన్నా ఇష్టం. డిసెంబరు నుంచి మార్చి వరకు సాయంత్రాల్లో మూడు చుక్కలు వరసగా బెల్టులా కనిపించే చోటికి వెళ్లండి. బెల్టుకు ఒక పక్క ఆర్ద్ర, ఎర్రగా. ఇంకో పక్క రైజెల్, నీలం కలిసిన తెలుపు. రెండింటినీ మార్చి మార్చి చూస్తే తప్ప తేడా తెలియదు. ఒక్కదాన్నే చూస్తే కన్ను అన్నిటినీ తెల్లగానే చూపిస్తుంది. కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, వేడి పెరిగేకొద్దీ తెల్లబడుతుంది కదా, నక్షత్రాలదీ అదే తీరు. ఆర్ద్ర ఉపరితలం సుమారు 3,500 కెల్విన్ (శాస్త్రవేత్తలు వేడిని కొలిచే ప్రమాణం), మన సూర్యుడు 5,770, రైజెల్ దాదాపు 12,000.

ఇప్పుడు బంతి బయటికి తీయండి. ఆ కొలతలో ఆర్ద్ర అడ్డుకొలత సుమారు వంద మీటర్లు! సూర్యుడి స్థానంలో పెడితే అంగారకుడి కక్ష్య కూడా దాని కడుపులోనే. 2019 చివరి నుంచి 2020 ఫిబ్రవరి దాకా అది మామూలు కళ్లకే తెలిసేంతగా మసకబారింది. పేలిపోతుందేమోనని చాలామంది రాత్రిళ్లు మేల్కొన్నారు. తీరా చూస్తే అది కక్కిన దుమ్మే దానికి అడ్డొచ్చింది. అయినా ఎప్పుడో ఒకప్పుడు పేలక తప్పదు.

బెల్టు కింద వేలాడే మసక మచ్చ ఓరియన్ నెబ్యులా. 1,300 కాంతి సంవత్సరాల అవతల కొత్త నక్షత్రాలు పుడుతున్న చోటు. (కాంతి సంవత్సరమంటే వెలుగు, మన కొలతలో ఆ చీమ, ఏడాదిలో పోయే దూరం.) అక్కడి నుంచి ఎడమకు వస్తే లుబ్ధకం, రాత్రి ఆకాశంలోకెల్లా ప్రకాశవంతమైన నక్షత్రం, దూరం 8.6 కాంతి సంవత్సరాలు. దాని పక్కన కంటికి కనిపించని జంట ఒకటి ఉంది, 1862లో దొరికింది. బరువు సూర్యుడంత, సైజు భూమంత. 14 సెంటీమీటర్ల బంతి బరువునంతా ఒక ఆవగింజలో కుక్కినట్టు. శ్వేత కుబ్జం అంటారు దాన్ని. మరో ఐదు వందల కోట్ల ఏళ్లకు మన సూర్యుడు ముందు ఉబ్బి ఎర్రబడి, చివరకు ఇలాగే మిగులుతాడు.

అంటే పుట్టుక, నడివయసు, ముసలితనం, మిగిలిన బూడిద, అన్నీ నాలుగు పిడికిళ్ల ఆకాశంలోనే ఉన్నాయి.

బూడిద బరువుకు ఒక హద్దుంది. సూర్యుడికి 1.4 రెట్లు మించితే శ్వేత కుబ్జం తన బరువు తాను మోయలేదు. 1930ల్లో ఈ లెక్క వేసిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు 1983లో నోబెల్ వచ్చింది. ఆ హద్దు దాటిన నక్షత్ర గర్భం కుప్పకూలి ఇరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉండే న్యూట్రాన్ తార అవుతుంది. వృషభం కొమ్ము దగ్గర 1054లో పేలిన నక్షత్రం చైనా రాతల ప్రకారం 23 రోజులు పట్టపగలే కనిపించింది. అక్కడ ఇప్పుడు సెకనుకు 30 సార్లు గిర్రున తిరిగే న్యూట్రాన్ తార ఉంది. అది కూడా నిలవలేనంత బరువుంటే? అప్పుడిక ఆపేది లేదు, అది బ్లాక్ హోల్ అవుతుంది.

6. కనిపించనిదాన్ని వేలితో చూపించండి

ముందు ఒక అపోహ తీసేద్దాం. బ్లాక్ హోల్ చుట్టుపక్కలవన్నీ పీల్చేసుకునే సుడిగుండం కాదు. సూర్యుడు ఉన్నపళంగా అంతే బరువున్న బ్లాక్ హోల్‌గా మారితే చలికి చస్తాం కానీ, భూమి మాత్రం ఆ ఇరవై అంగల దూరంలోనే తన దారిన తిరుగుతుంది. ఎటొచ్చీ మరీ దగ్గరికి వెళితేనే వెలుగు కూడా వెనక్కి రాలేని గీత ఉంటుంది. దాని పేరు ఘటనా దిగంతం. లెక్క నోటికి వచ్చేంత తేలిక: సూర్యుడంత బరువుకు 3 కిలోమీటర్ల వ్యాసార్థం, పది సూర్యుళ్లకు 30.

జూన్ నుంచి సెప్టెంబరు మధ్య సాయంత్రాల్లో దక్షిణానికి తిరగండి. ఎర్రని జ్యేష్ఠ గుండెగా వంపు తిరిగిన తేలు కనిపిస్తుంది. కొండి చివర మూల నక్షత్రం. మూలకు ఎడమ పక్కన ధనుస్సు చుక్కలు కెటిల్ ఆకారంలో ఉంటాయి. మూల నుంచి ఒక పిడికిలి కన్నా కాస్త తక్కువ పైకి, కెటిల్ కొమ్ము వైపు వాలుగా వెళ్లి ఆగండి. పాలపుంత నడిబొడ్డు అదే. దాదాపు 26,000 కాంతి సంవత్సరాల అవతల, సుమారు 43 లక్షల సూర్యుళ్ల బరువున్న బ్లాక్ హోల్ అక్కడుంది. దానికి "మూల" పక్కనే చోటు దొరకడం కాకతాళీయమే, అయినా చెప్పుకోవడానికి బాగుంటుంది. మన కొలతలో అది రెండున్నర మీటర్ల గోళం. బంతి చోట పెడితే బుధుడికి కూడా తగలదు. దాని చుట్టూ ఒక నక్షత్రం 16 ఏళ్లకోసారి తిరగడం చూసే బరువు లెక్కకట్టారు, 2020 నోబెల్‌లో సగం ఆ పనికే. 2022 మేలో దాని ఫొటో కూడా వచ్చింది.

రెండోది ఇంకా ముచ్చటైనది. ఆగస్టు నుంచి నవంబరు దాకా నెత్తిమీద హంస రెక్కలు చాచి ఎగురుతుంటుంది. తోక దగ్గర డెనెబ్, ముక్కు చివర అల్బిరియో. మెడ మధ్యలో ఒక మామూలు చుక్క, ఈటా సిగ్ని. దానికి తూర్పున చంద్రుడి వెడల్పంత దూరంలో సిగ్నస్ ఎక్స్-1 ఉంది. దీన్ని బ్లాక్ హోల్ కాదని స్టీఫెన్ హాకింగ్ పందెం కాసి 1990లో ఓటమి ఒప్పుకున్నాడు. బరువు 21 సూర్యుళ్లు, ఘటనా దిగంతం అడ్డుకొలత సుమారు 124 కిలోమీటర్లు. మన కొలతలో వెంట్రుక మందంలో ఐదో వంతు కూడా ఉండదు. దాని జంట నక్షత్రం మాత్రం అదే కొలతలో మూడు మీటర్ల నీలి గోళం. ఈ గోళం మీంచి వీచే గాలిని ఆ కనబడని వెంట్రుక లాక్కుంటుంది, లాక్కున్నది వేడెక్కి ఎక్స్ కిరణాలు చిమ్ముతుంది, అలాగే దొరికిపోయింది.

నిజంగా చీకటి ఉన్న రాత్రి, మంచి బైనాక్యులర్‌తో, ఆ నీలి జంటను మీరు చూడొచ్చు. ఉత్త కంటికి అందనంత మసకైన (కాంతి కొలమానంలో సుమారు 9, అంకె పెరిగేకొద్దీ మసక) సన్నని చుక్క, చుట్టుపక్కల చుక్కల్లో కలిసిపోతుంది కాబట్టి నక్షత్ర పటం దగ్గర పెట్టుకోండి. దొరికితే తేదీ రాసుకోండి. అది తన జంటతో కలిసి 5.6 రోజులకో చుట్టు తిరుగుతుంది. ఆరు రోజుల తర్వాత మీరు మళ్లీ వచ్చి చూసేసరికి ఒక చుట్టు అయిపోయి ఉంటుంది.