ఔమువామువా వెనక పడటం ఎలా: కాగితం మీద వేసే లెక్క

ఇంటర్ ఫస్టియర్‌లో గురుత్వాకర్షణ పాఠం అయ్యాక మా పిల్లలకు నేనిచ్చే లెక్క ఇది. పలాయన వేగం (ఆకర్షణను తప్పించుకుని బయటపడటానికి కావలసిన కనీస వేగం) తెలిసి, వర్గమూలం తీయడం వస్తే చాలు.

ముందు టార్గెట్. 2017 అక్టోబర్‌లో హవాయిలోని పాన్‌స్టార్స్ టెలిస్కోపు ఔమువామువాను, అంటే వేరే నక్షత్రం నుంచి మన సౌరకుటుంబంలోకి వచ్చిన రాయిని, పట్టింది. అప్పటికే అది సూర్యుణ్ని చుట్టేసి తిరుగుదారి పట్టింది. సౌరకుటుంబాన్ని వదిలి పోతున్న వేగం సెకనుకు 26 కిలోమీటర్లు. మనం పంపిన వాయేజర్-1 నౌక వేగం 17. అంటే ఇప్పటిదాకా మనం చేసింది సరిపోదు.

అది ఏ తేదీన ఎక్కడుంటుందో నాసా ప్రయోగశాల జేపీఎల్ వాళ్ళ హొరైజన్స్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వెక్టర్ టేబుల్ ఎంచుకుని, కేంద్రంగా సూర్యుణ్ని పెట్టండి. లేకపోతే దూరాలన్నీ భూమి నుంచి వచ్చి గందరగోళమవుతుంది. మనం ఇంజిన్ మండించేది 2033 మొదట్లో అనుకుందాం; అప్పటికి అది 85 ఏయూ దాటే ఉంటుంది. ఒక ఏయూ అంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం.

ఇప్పుడు అసలు కీలకం: ఇంజిన్ ఎక్కడ మండించాలి? చివరికి మిగిలే వేగం కావాలంటే, మండించాక ఉన్న వేగం వర్గంలోంచి అక్కడి పలాయన వేగం వర్గాన్ని తీసేసి వర్గమూలం కట్టాలి. భూమి కక్ష్య దగ్గర సూర్యుడి నుంచి పలాయన వేగం 42. ఆ వేగంతో పోతూ ఇంజిన్‌తో ఇంకో 5 కలిపితే 47. 2209లోంచి 1764 పోతే 445, వర్గమూలం 21. చాలదు.

అదే 5 కిలోమీటర్ల వేగాన్ని సూర్యుడికి 70 లక్షల కిలోమీటర్ల దూరంలో ఖర్చు పెట్టండి. అక్కడ పలాయన వేగం 195. గురుగ్రహం దగ్గర్నుంచి పడుతూ వచ్చిన నౌకకు అక్కడ 194 ఉంటుంది. 5 కలిపితే 199. 39601లోంచి 38025 తీస్తే 1576, వర్గమూలం దాదాపు 40! ఇంధనం అంతే, ఫలితం రెట్టింపు. దీన్నే ఓబెర్త్ ప్రభావం అంటారు.

"సార్, అది అటు పోతుంటే మనం సూర్యుడి వైపు పోవడమేంటి?" అని ఎవరో ఒకరు అడగాల్సిందే. సమాధానం పై లెక్కలోనే ఉంది.

కానీ సూర్యుడి మీదికి పడటం తేలిక కాదు. భూమితో పాటు మనకూ సెకనుకు 30 కిలోమీటర్ల పక్క వేగం ఉంటుంది, దాన్ని వదిలించుకోవాలి. అందుకే ముందు గురుగ్రహానికి వెళ్ళి, దాని ఆకర్షణతో ఆ వేగాన్ని చంపుకుని లోపలికి పడాలి. ఔమువామువా లాంటి వాటిని అందుకునే దారులు వెతికే ప్రాజెక్ట్ లైరా బృందం ప్రతిపాదించిన దారుల్లో ఇదొకటి. వేడి సంగతంటారా, సూర్యుణ్ని పరిశీలించే నాసా నౌక పార్కర్ ప్రోబ్ 2024 డిసెంబర్ 24న సూర్యుడి ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దూరం దాకా వెళ్ళి క్షేమంగా బయటపడింది. అయితే నిండు ఇంధనంతో ఉన్న మోటారును కవచం వెనక దాచడం వేరే టెన్షన్.

40లోంచి 26 పోతే 14. ఏడాదికి దాదాపు 3 ఏయూ చొప్పున దూరం తగ్గుతుంది. 85 ఏయూ తగ్గడానికి 29 ఏళ్ళు, అంటే 2062. అప్పటికి అది 245 ఏయూ దూరంలో ఉంటుంది. అక్కడి నుంచి సిగ్నల్ రావడానికే 34 గంటలు. సోలార్ ప్యానెళ్ళు పనికిరావు, ప్లుటోనియం బ్యాటరీ కావాలి. కొన్ని వందల మీటర్లకు మించని రాయిని కెమెరా తనంతట తనే వెతుక్కోవాలి, సెకనుకు 14 కిలోమీటర్లతో పక్కనుంచి దూసుకుపోతూ ఫొటో తీయాలి.

నన్నడిగితే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే ముందే కాపు కాయడం మేలు. యూరప్ అంతరిక్ష సంస్థ, జపాన్‌తో కలిసి తయారు చేస్తున్న కామెట్ ఇంటర్‌సెప్టర్ ఆలోచన అదే: భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కూర్చుని, తగిన తోకచుక్క కనబడగానే బయల్దేరుతుంది. అదృష్టం ఉంటే అది వేరే నక్షత్రం నుంచి వచ్చిందే కావచ్చు.

లెక్క పట్టుబడ్డాక, ఇలాగే బయటి నుంచి వచ్చిన తోకచుక్క బోరిసోవ్‌కు వేయండి, దాని వేగం 32. 2025లో అలాగే వచ్చిన మరో తోకచుక్క 3ఐ అట్లాస్‌ది 58, దాని జోలికి చివర్లో పోండి. దానితో సమానంగా పరిగెత్తడానికే 5 బదులు 9 దాటి కలపాల్సి వస్తుంది.