పార్కిన్సన్స్ వ్యాధిలో మాట, ఆలోచన: ఇంట్లోవారు ఏం చేయాలి?

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో న్యూరాలజిస్టు ఎదుట కూర్చున్న కుటుంబాలను గమనిస్తే ఒక విషయం తరచుగా కనిపిస్తుంది. డాక్టరు పెద్దాయనను అడిగిన ప్రశ్నకు, ఆయన పెదవి కదిపేలోగా, కొడుకో కోడలో జవాబు చెప్పేస్తారు. చేతి వణుకు గురించి, అడుగులు తడబడటం గురించి అందరూ వివరంగా చెబుతారు గానీ, మాట సన్నగిల్లిందన్న సంగతి చాలామంది వయసు మీద పడటమే అనుకొని వదిలేస్తారు. నిజానికి ఈ వ్యాధి ఉన్నవారిలో అత్యధికులకు ఏదో ఒక దశలో మాట దెబ్బతింటుంది. ఆలోచనలో మార్పు కూడా చాలామందిలో వస్తుంది. ఈ రెండూ వేరు వేరు ఇబ్బందులు. గొంతు తగ్గినవారికి బుద్ధి మందగించిందని అనుకోవడం, ఆలస్యంగా జవాబిచ్చేవారికి అర్థం కాలేదని తేల్చేయడం, ఇంట్లో జరిగే పొరపాట్లలో ముఖ్యమైనవి.

మెదడులో కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు తగ్గిపోవడం వల్ల కదలికలు చిన్నవై, నెమ్మదిస్తాయి. చేతిరాతలో అక్షరాలు ఎలా చిన్నవవుతాయో, గొంతు కూడా అలాగే చిన్నదవుతుంది. స్వరం ఎత్తుపల్లాలు లేకుండా ఒకే తీరుగా సాగుతుంది, హల్లులు స్పష్టంగా పలకవు, కొందరిలో మాటలు ఉన్నట్టుండి పరుగెత్తుతాయి. అన్నిటికన్నా చిక్కు ఏమిటంటే, తన గొంతు తగ్గిందని మాట్లాడేవారికి తెలియదు. మామూలుగానే మాట్లాడుతున్నానని, వినేవారికే చెవుడు వచ్చిందని వారు మనస్ఫూర్తిగా నమ్ముతారు. అందుకే పూటకు పదిసార్లు "గట్టిగా చెప్పండి నాన్నగారూ" అని విసుక్కుంటే, ఆ క్షణానికి గొంతు పెరుగుతుంది, మరుసటి వాక్యానికే మళ్లీ పడిపోతుంది. వారికి కావలసింది మందలింపు కాదు, ఎంత గట్టిగా మాట్లాడితే మామూలుగా వినిపిస్తుందో శరీరానికి మళ్లీ అలవాటు చేసే సాధన.

తెలుగువారికి ఇందులో అదనపు కష్టం ఒకటుంది. ఊపిరి చాలక వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. మన వాక్యంలో అసలు సంగతి ఉండేదేమో చివరనే. "పొద్దుటి మాత్ర వేసుకున్నాను", "పొద్దుటి మాత్ర వేసుకోలేదు" అన్న రెండు వాక్యాల్లో మొదటి సగం ఒక్కటే, తేడా అంతా వినిపించకుండా పోయే ఆ కొసలోనే ఉంది. కాబట్టి మందులు, డబ్బు, నొప్పి వంటి విషయాల్లో విన్నది సరిగా విన్నామో లేదో "వేసుకున్నారు, అంతేనా?" అని తిరిగి అడగాలి. మాట్లాడేవారు కూడా పొడుగు వాక్యాన్ని రెండుగా విరిచి, మధ్యలో ఊపిరి తీసుకొని, చివరి మాటకు కొంత బలం మిగుల్చుకునేలా అలవాటు చేసుకోవాలి.

ఈ సాధనకు పేరుపొందిన పద్ధతి ఎల్‌ఎస్‌వీటీ (లీ సిల్వర్‌మన్ వాయిస్ ట్రీట్‌మెంట్) లౌడ్. 1980ల్లో అమెరికాలో రూపొందిన ఈ చికిత్సలో వారానికి నాలుగు రోజుల చొప్పున నాలుగు వారాలు, మొత్తం 16 సార్లు, ఒక్కోసారి గంటపాటు స్పీచ్ థెరపిస్టు ఎదుట సాధన చేయిస్తారు. మిగతా వేళల్లో ఇంట్లో చేయాలి. పది రకాల సూచనలు ఇవ్వకుండా, గొంతు పెంచడం అన్న ఒక్క లక్ష్యం మీదే దృష్టి పెట్టించడం దీని ప్రత్యేకత. మొదలుపెట్టే ముందు ఈఎన్‌టీ డాక్టరు చేత స్వరతంత్రులు చూపించుకోవాలి. మన ఊళ్లలో పిల్లలకు మాటలు నేర్పడానికో, వినికిడి యంత్రాలకో పేరుపడిన క్లినిక్కుకు వెళ్తున్నట్లయితే, పార్కిన్సన్స్ ఉన్న పెద్దలకు చికిత్స చేసిన అనుభవం ఉందా అని ముందే అడగడం మంచిది.

ఇంటి దగ్గర మందు బాగా పనిచేస్తున్న వేళ చూసుకొని, వీపు నిటారుగా ఉండేలా కుర్చీలో కూర్చోబెట్టి, నిండుగా ఊపిరి తీసుకొని "ఆ" అని గొంతు బిగించకుండా, అరవకుండా, వీలైనంతసేపు గట్టిగా పలకమనాలి. తరువాత అదే అచ్చును కింది స్థాయి నుంచి పైకి, పైనుంచి కిందికి తీసుకెళ్లాలి. ఆ పిమ్మట ఆ మనిషి రోజూ నిజంగా అనే పది వాక్యాలను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, అదే గొంతుతో చదివించాలి. "కాస్త కాఫీ ఇవ్వమ్మా", "గేటు గడియ పెట్టారా?", "బెంజి సర్కిల్‌కి ఎంత తీసుకుంటావు బాబూ?" వంటివి ఇందుకు పనికొస్తాయి. ఫోన్లో శబ్దాన్ని కొలిచే యాప్ పెట్టి నోటికి ఒకే దూరంలో ఉంచితే, నిన్నటికీ నేటికీ తేడా వారి కళ్లకే కనిపిస్తుంది. కంఠస్థమైన పద్యాలు సాధనకు అంత మంచివి కావని నా అభిప్రాయం. నోటికి వచ్చినవి కావడంతో మాట పరుగందుకుంటుంది. దినపత్రిక శీర్షికలు మేలు.

వినేవారి వైపు నుంచి చేయవలసినవి సులువే. టీవీ, కూలరు ఆపి, ఎదురుగా కూర్చోవాలి. వంటింట్లోంచి మిక్సీ తిప్పుతూ ప్రశ్న వేయకూడదు. భార్యాభర్తలిద్దరికీ ఒకసారి వినికిడి పరీక్ష చేయించాలి. ముఖంలో కండరాలు బిగుసుకోవడం వల్ల భావం కనిపించకపోతే, అది కోపమనో, పట్టనితనమనో అనుకోకూడదు.

ఇక ఆలోచన సంగతి. ఇక్కడ తొలి దశల్లో కనిపించేది అల్జీమర్స్‌లోని మతిమరుపు వంటిది కాదు. విషయం లోపల ఉంటుంది, బయటికి తీయడం ఆలస్యమవుతుంది. చిన్న ఆధారం అందిస్తే చాలాసార్లు గుర్తుకు వస్తుంది. పనులను వరుసలో పెట్టుకోవడం, ఒకదాని నుంచి మరొకదానికి మారడం, రెండు పనులు ఒకేసారి చేయడం కష్టమవుతాయి. అందువల్ల ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టుకొని ఆగాలి. "టిఫిన్ ఏం చెయ్యమంటారు మామయ్యగారూ?" అని అడిగితే ఆయన ఉన్న వంటకాలన్నిటిలోంచి ఒకటి వెతుక్కోవాలి, "ఇడ్లీ చెయ్యనా, ఉప్మా చెయ్యనా?" అంటే ఎంచుకోవడమే మిగులుతుంది. మాట కోసం తడుముకుంటున్నప్పుడు వెంటనే అందించకుండా, అడిగితేనో, బాగా ఇబ్బంది పడుతుంటేనో అందించాలి. అర్థం చేసుకోవడంలోనూ పొడుగు వాక్యాలు అడ్డుపడతాయి. "పొద్దున వచ్చిన ప్లంబరు అడిగిన డబ్బు ఇచ్చిన తరువాత మిగిలిన చిల్లర ఎక్కడ పెట్టారు?" అనడం కన్నా, "పొద్దున ప్లంబరు వచ్చాడు కదా. డబ్బు ఇచ్చారు. చిల్లర ఎక్కడుంది?" అని విడదీసి అడగడం మేలు. బీసెంట్ రోడ్డు వంటి రద్దీలో చెయ్యి పట్టుకొని నడిపిస్తూ ఇంటి లెక్కలు అడగకూడదు. దృష్టి మాట మీదికి పోతే అడుగు తప్పుతుంది. పక్కకు తీసుకెళ్లి, నిలబడ్డాక మాట్లాడాలి.

డాక్టరును కలిసే ముందు, మాత్ర వేసుకునే ముందు ఒకసారి, అది పనిచేస్తున్నప్పుడు ఒకసారి మాటను ఫోన్లో రికార్డు చేసి తీసుకెళ్లండి. ఈ వ్యాధికి ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా నడకకు ఇచ్చినంత మేలు మాటకు ఇవ్వకపోవచ్చు, కనుక మోతాదు పెంచమని మాట ఒక్కదాని కోసమే పట్టుబట్టడం సరికాదు. పప్పు, పెరుగు, గుడ్డు వంటి మాంసకృత్తుల ఆహారం ఈ మందుకు అడ్డు రావచ్చు కాబట్టి, భోజనానికి ఎంత ముందు వేసుకోవాలో అడగాలి. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ పెద్ద వయసువారిలో జ్ఞాపకశక్తిని మందగింపజేయగలదు. అది చీటీలో ఉంటే ఇంకా అవసరమా అని అడగండి, సొంతంగా మాత్రం ఆపకండి. ఆలోచనాశక్తిని అంచనా వేయడానికి 30 మార్కుల మోకా (మాంట్రియల్ కాగ్నిటివ్ అసెస్‌మెంట్) పరీక్ష తెలుగులోనూ ఉంది. మార్కుల మీద చదువు ప్రభావం ఉంటుంది కనుక ఎంతవరకు చదివారో పరీక్ష చేసేవారికి చెప్పాలి. డిమెన్షియా (రోజువారీ పనులకు అడ్డుపడేంతగా ఆలోచనాశక్తి తగ్గడం) అని తేలితే రివాస్టిగ్మిన్ వంటి మందు కొంత ఉపయోగపడుతుంది. కుంగుబాటు, నిద్రలేమి కూడా బుద్ధిమాంద్యంలా కనిపిస్తాయి, వాటిని వేరుగా చెప్పాలి. లేని మనుషులు కనిపిస్తున్నారంటే వాదించకుండా డాక్టరుకు తెలియజేయాలి. అది మందుల వల్ల కూడా కావచ్చు.

నీళ్లు తాగేటప్పుడు దగ్గు వస్తున్నా, తిన్నాక గొంతు తడితడిగా గరగరలాడుతున్నా మింగడంలో ఇబ్బంది ఉన్నట్టే. స్పీచ్ థెరపిస్టు దాన్ని కూడా పరీక్షిస్తారు. పార్కిన్సన్స్‌లో మార్పులు నెలలు, సంవత్సరాల మీద వస్తాయి తప్ప రాత్రికి రాత్రి రావు. నిన్నటివరకు బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లో అయోమయంలో పడితే మూత్రంలో ఇన్ఫెక్షనో, బెజవాడ మే నెల ఎండకు ఒంట్లో నీరు తగ్గడమో, కొత్త మందో కారణం కావచ్చు. అది అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లవలసిన పరిస్థితి. మాట ఉన్నట్టుండి ముద్దగా మారి, మూతి ఒక పక్కకు లాగినా, చెయ్యి పడిపోయినా పక్షవాతం అనుకొని క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.