పాత విమాన వాహక నౌక చివరికి ఏమైందో తెలుసుకోవడం ఎలా?

హైదరాబాద్‌లో కూర్చుని రెండో ప్రపంచ యుద్ధం నాటి విమాన వాహక నౌక గతి ఏమైందో వెతకాలంటే, ముందు పేరు కాదు, నౌకాదళం దానికిచ్చిన గుర్తింపు నంబరు పట్టుకోండి. ఉత్త లెక్సింగ్టన్ అని వెతికితే రెండు అమెరికా నౌకల కథలు కలగలిసిపోతాయి: సీవీ-2 1942లో కోరల్ సీ యుద్ధంలో మునిగింది, సీవీ-16 టెక్సాస్‌లో మ్యూజియంగా ఉంది.

తర్వాత, చేతులు మారి పేరు మారిందా అని చూడాలి. మన విక్రాంత్ 1945లో బ్రిటన్‌లో నీళ్లలోకి దిగినప్పుడు హెర్క్యులిస్. యుద్ధం ముగిసి పని ఆగిపోతే, మనం కొని పూర్తి చేయించుకున్నాక 1961లో నౌకాదళంలో చేరింది, 1997లో రిటైరైంది, ముంబైలో కొన్నేళ్లు మ్యూజియంగా ఉండి 2014లో తుక్కు కింద అమ్ముడుపోయింది. 1971 యుద్ధంలో అంత పని చేసిన నౌకను నిలుపుకోలేకపోయామే అని నాకు ఇప్పటికీ బాధే. ఆ ఉక్కులో కొంత బజాజ్ వీ బైకుల్లోకి వెళ్లింది. అమీర్‌పేటలోనో కోఠిలోనో పార్కింగ్‌లో ఒకటి కనిపిస్తే పెట్రోల్ ట్యాంకు మూత చూడండి, విక్రాంత్ గుర్తు ఉంటుంది.

చాలావాటిది తుక్కు దారే, అమెరికా ఎంటర్‌ప్రైజ్‌తో సహా. అక్కడితో ఆగకండి. సారటోగా 1946లో పసిఫిక్‌లోని బికినీ దీవుల దగ్గర అణుబాంబు పరీక్షలో మునిగింది, 1944లో కట్టడం మొదలైన ఒరిస్కానీని 2006లో ఫ్లోరిడా తీరంలో చేపల ఆవాసంగా కావాలనే ముంచారు. అందుకే సేవ ముగిసిన తేదీ, అమ్మిన తేదీ, విడగొట్టిన తేదీ మూడూ విడివిడిగా రాసుకోండి.