మిర్చి ఏ దేశానికి పంపాలో ట్రేడ్ మ్యాప్‌లో ఇలా చూడండి

ఎండుమిర్చి ఎగుమతి మొదలుపెడదామనుకునేవాళ్లు, ఎవరో చెప్పారని దుబాయ్ అనో మలేషియా అనో ముందే ఫిక్స్ అయిపోకుండా ఒక్క సాయంత్రం ట్రేడ్ మ్యాప్ ముందు కూర్చోండి, ఏ దేశం ఏ సరుకు ఎంత కొంటోందో చూపించే వెబ్‌సైట్ అది, జెనీవాలోని ఇంటర్నేషనల్ ట్రేడ్ సెంటర్ వాళ్లది. అందులో సరుకును వెతికే కోడ్ (హెచ్‌ఎస్ కోడ్) దగ్గరే జాగ్రత్త. కాయగా పంపితే 090421, కారంపొడి అయితే 090422.

మొత్తం దిగుమతి విలువ చూసి మురిసిపోవద్దు, ఐదేళ్లలో ఎంత పెరిగింది, టన్ను ఎంతకు కొంటున్నారు, అందులో మన దేశం వాటా ఎంత అన్నవి పక్కపక్కన పెట్టుకుని చూడాలి. అన్నట్టు, అక్కడ విలువలు వేల డాలర్లలో ఉంటాయి. నేను మొదట్లో ఉత్త డాలర్లే అనుకుని, ఇంత చిన్న మార్కెట్టా అని ఒక మంచి దేశాన్ని పక్కన పడేశాను! ఆ టన్ను ధరలో మామూలుగా ఓడ కిరాయి, బీమా కూడా కలిసే ఉంటాయి కాబట్టి గుంటూరు యార్డు రేటుతో నేరుగా పోల్చకండి.

ఆ దేశం వేసే దిగుమతి సుంకాలకు, అదే సంస్థ వాళ్ల ఇంకో సైట్ మార్కెట్ యాక్సెస్ మ్యాప్ చూడండి.

దిగుమతి పట్టికలో కనబడనిది ఇంకోటుంది. యూరప్ ధర ఊరిస్తుంది గానీ, అక్కడ ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1 అనే బూజు విషం కిలోకు 5 మైక్రోగ్రాములు దాటకూడదు. మీ సరుకు ల్యాబ్‌లో టెస్ట్ చేయించాకే ఆ లెక్కలు వేసుకోండి.