కీ తిప్పితే టిక్కుమని ఊరుకుంటోందా? పాత బోటింజనులో కరెంటు వెతికే పద్ధతి

రెండేళ్ళ కిందట, అంతర్వేది తీర్థం రోజులు. సఖినేటిపల్లి రేవులో బయల్దేరి వశిష్ఠ నడిమధ్యకి వచ్చాక, పంకాకి చుట్టుకున్న వల ముక్క తీద్దామని ఇంజను ఆపాను. మళ్ళీ కీ తిప్పితే టిక్కుమంది, అంతే. లైటు ఆరింది, హారను మూగబోయింది. నరసాపురం వైపు నుంచి నిండా జనంతో పంటు పడవ వస్తోంది. పాటు వేళ కావడంతో నీళ్ళు మొగ వైపు, అంటే గోదారి సముద్రంలో కలిసే చోటు వైపు, లాగేస్తున్నాయి.

అందుకని మొదటి పని లంగరు వెయ్యడం. స్పానరు తర్వాత. రెండోది వాసన చూడటం. పెట్రోలు కంపు కొడుతుంటే ఏ వైరూ ముట్టుకోవద్దు, బ్యాటరీ దగ్గర రాలే ఒక్క నిప్పురవ్వ చాలు. నాది 40 హెచ్‌పీ టూ స్ట్రోకు. ఇలాంటి పాత ఇంజన్లలో చాలావాటికి స్పార్కు ప్లగ్గుకి కావలసిన కరెంటు ఫ్లైవీలు కిందే పుడుతుంది, బ్యాటరీ చచ్చినా తాడు చుట్టి లాగితే అందుకుంటుంది. ఆ రోజు అలాగే ఒడ్డుకి చేరాను. చుట్టే తాడు బోటులోనే ఉంచుకోండి, ఇంట్లో చిలక్కొయ్యకి కాదు.

మర్నాడు అందరూ చేసే తప్పే నేనూ చేశాను, కొత్త బ్యాటరీ కొన్నాను. పదిహేను రోజులకి మళ్ళీ అదే టిక్కు. మా రేవులో ట్రాక్టర్లకి వైరింగ్ చేసే పెద్దాయన వచ్చి, వోల్టు మీటరైనా తియ్యకుండా, నల్ల వైరుని వేళ్ళతో వంచుకుంటూ పోయాడు. ఒకచోట అది మెత్తగా వంగలేదు, ఎండు పుల్లలా కరకరలాడింది. "ఆయ్, బ్యాటరీకేం రోగం లేదండి. చచ్చింది ఇక్కడ" అన్నాడు. బ్లేడుతో తొడుగు చీరితే లోపల రాగి రంగే లేదు. నల్లటి పొడి, పచ్చటి చిలుం, మధ్యలో నాలుగైదు పోగులు. ఆ పోగులు చిన్న లైటుకి సరిపోతాయి, సెల్ఫ్ అడిగేసరికి చేతులెత్తేస్తాయి.

కాబట్టి ముందు ఏది పనిచేస్తోందో చూడండి. లైటు వేసి ఉంచి కీ తిప్పండి. లైటు బాగా మసకబారినా, పూర్తిగా ఆరినా బ్యాటరీయో, లావు వైర్ల జాయింటో. లైటు అలాగే ఉండి సెల్ఫ్ మాత్రం కదలకపోతే గేరు న్యూట్రల్‌లో ఉందా, సెల్ఫ్‌కి కరెంటు కలిపే రిలే టిక్కుమంటోందా, కీ స్విచ్చి పనిచేస్తోందా అన్నది చూడాలి. అసలేమీ వెలగకపోతే ఫ్యూజు, మెయిన్ స్విచ్చి, ఇంజనుకి వెళ్ళే వైర్ల పెద్ద ప్లగ్గు చూడండి. ఫ్యూజు పోతే అదే ఆంపియర్లది వెయ్యండి, సిగరెట్టు పెట్టెలో వెండి కాగితం చుట్టి పెట్టకండి. కొత్తది వెంటనే పోయిందంటే ఎక్కడో వైరు ఒరుసుకుంటోందని అర్థం.

బ్యాటరీ రాత్రంతా ఊరికే ఉన్నాక 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 12 కంటే తక్కువైతే ముందు చార్జింగ్ పెట్టించండి. నిండా ఉన్నది కూడా సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందకి జారిపోతుంటే అప్పుడు కొత్త బ్యాటరీ గురించి ఆలోచించవచ్చు.

మీటరుని పూర్తిగా నమ్మితే మాత్రం మోసపోతాం. ఒక్క పోగు మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. అందుకే నా పెట్టెలో కరెంటు గట్టిగా లాగే ఆటో హెడ్‌లైటు బల్బు ఒకటి, రెండు వైర్లు తగిలించి ఉంటుంది. చిలుం పట్టిన వైరు చివర అది వెలగదు, వెలిగినా ఎర్రగా మిణుకుతుంది. మీటరే వాడాలంటే ఒక ముల్లు బ్యాటరీ మైనస్ గుబ్బ మీద, ఇంకోటి ఇంజను ఇనుము మీద పెట్టి, పక్కనున్న మనిషిని సెల్ఫ్ కొట్టమనండి. ఎమర్జెన్సీ స్విచ్చి తాడు ముందే లాగేస్తే ఇంజను అందుకోదు. పది సెకన్లకి మించి కొట్టొద్దు. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ దారిలోనే, అంటే నల్ల వైరు వైపే, దొంగ ఉన్నాడు. ఎర్ర వైపు కూడా జాయింటు తర్వాత జాయింటు ఇలాగే పట్టుకోవచ్చు.

శుభ్రం చేసేటప్పుడు మైనస్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు ఆఖర్న పెట్టాలి. టెర్మినల్ మీద తెల్లపొడికి తినేసోడా కలిపిన వేడినీళ్ళు చాలు, సెల్స్‌లోకి మాత్రం పోనివ్వొద్దు. తర్వాత మెరిసేదాకా గరుకు కాగితం, బిగించాక పైన వాజిలిన్. చేత్తో తిప్పే రెక్కల నట్లు తీసి పారెయ్యండి, ఇంజను అదురుకి వదులైపోతాయి. చిలుం పాకిన వైరుని టేపు చుట్టి బతికించలేం, ముక్క మొత్తం మార్చాల్సిందే. ఎండాకాలం ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్ళు తగ్గి ఉప్పు పైకి ఎగదన్నుతుంది కనుక, నేను ఆ మూడు నెలలూ పదిహేను రోజులకోసారి జాయింట్లు విప్పి చూస్తాను. వరద ఎర్రనీరు వచ్చాక అంత అక్కర్లేదు.

ఇవన్నీ బాగుండి కూడా బ్యాటరీ రోజూ దిగిపోతుంటే చార్జింగ్ అనుమానించాలి. ఇంజను కాస్త రేజ్ చేసి బ్యాటరీ మీద మీటరు పెట్టండి. 13.5 నుంచి 14.5 మధ్యకి ఎక్కాలి, ఎక్కకపోతే ఎక్కువగా, ఇంజను కరెంటుని బ్యాటరీకి పట్టేలా మార్చే రెక్టిఫైరే. నాది ఒకసారి నా చేతుల్లోనే కాలింది. చార్జింగ్ ఉందో లేదో చూద్దామని, నడుస్తున్న ఇంజను మీద బ్యాటరీ క్లిప్పు పీకాను. ఎర్ర, నల్ల తారుమారుగా తగిలించినా ఇదే గతి.