అప్‌గ్రేడ్ రాత్రికి ముందు: స్మార్ట్ కాంట్రాక్టుల మీద స్క్రిప్టులు నడిపేవాళ్లకు జాగ్రత్తలు

క్లయింట్ అమెరికాలో ఉంటే స్మార్ట్ కాంట్రాక్ట్ (బ్లాక్‌చైన్ మీద నడిచే ప్రోగ్రామ్) అప్‌గ్రేడ్ మనకు రాత్రి పదకొండు దాటాకే మొదలవుతుంది. అప్పటికి కళ్లు మూతలు పడుతుంటాయి. చేతులు మాత్రం అలవాటు కొద్దీ పైబాణం నొక్కి, పాత కమాండ్ తెచ్చి, ఎంటర్ కొట్టేస్తుంటాయి. మామూలు సర్వర్ అయితే వెనక్కి తిప్పుకోవచ్చు. ఇథీరియం బ్లాక్‌చైన్ మీద ఒకసారి బ్లాకులోకి ఎక్కిన లావాదేవీని దింపేవాడు లేడు. అందుకే అనుమానించే పని ఆ రాత్రికి వదిలేయకుండా ముందే స్క్రిప్టులో రాసిపెట్టుకోవాలి.

నా సంగతే చెప్తాను. ఇథీరియం టెస్ట్ నెట్‌వర్క్ సెపోలియా మీద ట్రయల్ అనుకుని నడిపిన స్క్రిప్టు నేరుగా అసలు డబ్బు తిరిగే మెయిన్‌నెట్ మీద నడిచింది. సెట్టింగులు ఉండే ఎన్వ్ ఫైల్లో సెపోలియా ఆర్‌పీసీయే (చైన్‌తో మాట్లాడేందుకు వాడే అడ్రసు) ఉంది, రెండుసార్లు చూసుకున్నాను కూడా. కానీ ఆ సాయంత్రం ఏదో బ్యాలెన్స్ చూద్దామని అదే టెర్మినల్లో మెయిన్‌నెట్ ఆర్‌పీసీని ఎక్స్‌పోర్ట్ చేసి మర్చిపోయాను. నోడ్ జేఎస్‌లో మనందరం వాడే డాట్‌ఎన్వ్ లైబ్రరీ, ఆ పేరుతో వేరియబుల్ టెర్మినల్లో అప్పటికే ఉంటే ఫైల్లో ఉన్నదాన్ని పట్టించుకోదు. నాలుగు కాంట్రాక్టులు అసలు ఈథర్ (ఇథీరియం కరెన్సీ) ఖర్చు పెట్టుకుని మెయిన్‌నెట్ ఎక్కి కూర్చున్నాయి. ఇందులో నా రెండో తప్పు ఇంకా పెద్దది. టెస్టుకూ మెయిన్‌కూ ఒకే ప్రైవేట్ కీ (ఖాతాను నడిపే రహస్య సంఖ్య) వాడాను. వేరే కీ అయ్యుంటే మెయిన్‌నెట్‌లో బ్యాలెన్స్ లేక స్క్రిప్టు మొదటి అడుగులోనే ఆగిపోయేది.

కాబట్టి స్క్రిప్టు చేయాల్సిన మొదటి పని, ఎదురుగా ఉన్న చైన్ నోడ్‌ను చైన్ ఐడీ (ఏ నెట్‌వర్కో చెప్పే నంబరు) అడగడం. మెయిన్‌నెట్ అయితే 1, సెపోలియా అయితే 11155111. కాన్ఫిగ్‌లో మనం రాసుకున్న పేరును నమ్మొద్దు. వచ్చింది 1 అయితే ‘అవునా, కాదా’ అని అడిగి సరిపెట్టుకోకండి, నిద్రమత్తులో అందరూ అవుననే కొడతారు. కాంట్రాక్ట్ పేరు మొత్తం చేత్తో టైప్ చేయించండి.

ప్రైవేట్ కీని ఎన్వ్ ఫైల్లో పెట్టే అలవాటు మానేయండి. ఫౌండ్రీ అనే టూల్‌కిట్ వాడేవాళ్లకు ‘కాస్ట్ వాలెట్ ఇంపోర్ట్’ ఉంది. కీని ఎన్‌క్రిప్ట్ చేసి దాచి, నడిపేటప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. హార్డ్‌వేర్ వాలెట్ (కీని లోపలే దాచుకునే చిన్న పరికరం) ఉంటే మరీ మంచిది. హార్డ్‌హ్యాట్, ఆన్విల్ అనే టెస్టు టూళ్లు డిఫాల్ట్‌గా ఇచ్చే టెస్టు ఖాతాల కీలు లోకమంతా తెలిసినవే. మెయిన్‌నెట్‌లో పొరపాటున వాటికి డబ్బు వేస్తే కాచుకున్న బాట్లు ఊడ్చుకుపోతాయి.

డిప్లాయ్ చేసే ఖాతాలో ఆ రాత్రి గ్యాస్‌కు (లావాదేవీ ఫీజుకు) సరిపడా, పైన కొంచెం ఉంటే చాలు. అడ్మిన్ అధికారం ఆ ఖాతాకు ఉండకూడదు, మల్టీసిగ్‌కు (పలువురి సంతకాలు కావాల్సిన వాలెట్‌కు) ఉండాలి.

అప్‌గ్రేడ్‌కు వారం ముందు నుంచి ప్యాకేజీల జోలికి పోవద్దు. 2024 డిసెంబరులో సొలానా అనే ఇంకో బ్లాక్‌చైన్‌కు చెందిన వెబ్3 జావాస్క్రిప్ట్ లైబ్రరీలో 1.95.6, 1.95.7 వెర్షన్లు కీలు దొంగిలించే కోడ్‌తో బయటికొచ్చాయి. అవి కొద్ది గంటలే ఉన్నాయి. కానీ బాట్లలో, స్క్రిప్టుల్లో కీలు నేరుగా పెట్టుకున్నవాళ్లకు ముప్పు రావడానికి ఆ కాసేపే చాలు. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు ఎన్‌పీఎం సీఐ వాడండి, లాక్ ఫైల్లో (ఖాయం చేసుకున్న వెర్షన్ల పట్టికలో) ఉన్నదే దిగుతుంది.

అడ్రసు విషయంలో చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. ఒక చైన్ మీద మన మల్టీసిగ్ ఉన్నంత మాత్రాన, అదే అడ్రసు ఇంకో చైన్ మీద మనదైపోదు. 2022లో ఆప్టిమిజమ్ (ఇథీరియం మీద ఆధారపడ్డ ఇంకో చైన్) 2 కోట్ల ఓపీ టోకెన్లను వింటర్‌మ్యూట్ అనే ట్రేడింగ్ సంస్థ ఇచ్చిన అడ్రసుకు పంపింది. ఇథీరియం మీద ఆ అడ్రసులోని సేఫ్ (ఒక రకం మల్టీసిగ్ వాలెట్) వింటర్‌మ్యూట్‌దే. ఆప్టిమిజమ్ మీద మాత్రం ఆ అడ్రసులో ఇంకా ఏ కాంట్రాక్టూ లేదు. ఎవరో ముందుగా వెళ్లి సరిగ్గా అదే అడ్రసులో కాంట్రాక్టు పెట్టుకుని టోకెన్లు చేజిక్కించుకున్నారు. తర్వాత చాలావరకు తిరిగి ఇచ్చారు, అది అదృష్టం. మీ స్క్రిప్టు ఏ ఖాతాకైనా అధికారమో డబ్బో ఇచ్చేముందు, ఆ చైన్ మీద అక్కడ కోడ్ ఉందా, ఓనర్లు ఎవరు, ఎన్ని సంతకాలు కావాలి అని చదివి సరిచూడాలి. ఓనర్‌షిప్ మార్పు రెండు అడుగుల్లో జరగనివ్వండి. ఓపెన్‌జెప్లిన్ కాంట్రాక్టుల లైబ్రరీలో ‘ఓనబుల్ టూ స్టెప్’ ఉన్నది ఇందుకే. కొత్త ఓనర్ వచ్చి ఒప్పుకునేదాకా పాత ఓనరే ఉంటాడు.

ప్రాక్సీ (యూజర్ల కాల్స్‌ను అసలు కోడ్‌కు మళ్లించే కాంట్రాక్టు) పెట్టే లావాదేవీలోనే ఇనిషియలైజ్ (ఓనర్ లాంటి మొదటి విలువలు పెట్టడం) కూడా అయిపోవాలి. ‘ముందు పెడదాం, తర్వాత స్క్రిప్టుతో ఇనిషియలైజ్ చేద్దాం’ అంటే ఆ మధ్యలో ఎవడైనా దూరతాడు. ఇంప్లిమెంటేషన్‌ను (ప్రాక్సీ వెనకున్న అసలు కోడ్‌ను) కూడా ఎవరూ ఇనిషియలైజ్ చేయలేకుండా తాళం వేయండి. 2017 నవంబరులో పారిటీ మల్టీసిగ్ వాలెట్లు వాడే లైబ్రరీ ఇనిషియలైజ్ కాకుండానే పడి ఉంది. ఒకతను దానికి తానే ఓనరై, ఆ తర్వాత దాన్ని చంపేశాడు. 5.13 లక్షల ఈథర్ అలాగే చిక్కుకుపోయింది.

యూఎస్‌డీసీ అనే డాలర్ టోకెన్‌కు దశాంశ స్థానాలు 6, ఈథర్‌కు 18. టోకెన్ల విషయంలో ఈ అంకె స్క్రిప్టులో చేత్తో రాయకండి, టోకెన్ కాంట్రాక్టునే అడగండి.

ఇక మధ్యలో ఆగిపోవడం. పన్నెండు అడుగుల స్క్రిప్టులో ఏడోది పెండింగ్‌లో ఇరుక్కుంటుంది. టెన్షన్‌లో చేసే పని మొదటి నుంచి మళ్లీ నడపడం. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. కొన్ని రెండుసార్లు జరుగుతాయి, కొన్ని పాత నాన్స్ (ఖాతా లావాదేవీల వరుస నంబరు) వెనక క్యూ కడతాయి. ప్రతి అడుగూ ముందుగా చైన్‌ను చూసి, ‘ఇది ఇప్పటికే అయిందా’ అని అడిగి, అయ్యుంటే దాటేసేలా రాయండి. ఇరుక్కున్నదాన్ని కదిలించాలంటే అదే నాన్స్‌తో, కనీసం 10 శాతం ఎక్కువ ఫీజుతో మళ్లీ పంపాలి. ఫౌండ్రీలో అయితే ఆగిన చోటి నుంచి కొనసాగించే రెజ్యూమ్ ఫ్లాగ్ ఉంది. అది పనిచేయాలంటే పంపిన లావాదేవీలు నమోదయ్యే బ్రాడ్‌కాస్ట్ ఫోల్డర్ ఉండాలి, శుభ్రం చేస్తున్నామనుకుని దాన్ని చెరిపేయకండి.

రిహార్సల్ తప్పనిసరి. ఆన్విల్‌లో మెయిన్‌నెట్‌ను ఫోర్క్ చేసి (మన మెషీన్‌లో నకలు తీసి), మల్టీసిగ్‌లా నటింపజేసి, మొత్తం స్క్రిప్టును ఒకసారి నడపండి. ఎర్రర్ రాలేదని సంబరపడొద్దు. చివర్లో ఓనర్ ఎవరు, బ్యాలెన్స్ ఎంత, పాత యూజర్ డేటా చెక్కుచెదరకుండా ఉందా అని స్క్రిప్టే చదివి చెప్పాలి. స్టోరేజీలో వేరియబుళ్ల వరుస మారితే తేడా బయటపడేది ఇక్కడే.

సంతకాల దగ్గర మాత్రం ఎంత చాదస్తమైనా తప్పులేదు. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజ్ వాళ్ల స్క్రీన్ మీద మామూలు బదిలీ కనపడింది. వాళ్లు నిజంగా సంతకం పెట్టింది వాలెట్ కోడ్‌నే మార్చేసే డెలిగేట్ కాల్ (వేరే కోడ్‌ను వాలెట్ అధికారంతోనే నడపడం) మీద. దాదాపు 4 లక్షల ఈథర్ పోయింది. మీ స్క్రిప్టు సేఫ్ లావాదేవీ హ్యాష్‌ను (లావాదేవీ వివరాలకు వేలిముద్ర లాంటి కోడ్‌ను) ప్రింట్ చేయాలి. సంతకం పెట్టే ప్రతి ఒక్కరూ తమ సొంత మెషీన్‌లో దాన్ని విడిగా లెక్కకట్టి, ఫోన్‌లో మొదటి ఆరు, చివరి ఆరు అక్షరాలు చదివి వినిపించాలి. హార్డ్‌వేర్ వాలెట్ చూపించేది కూడా ఆ లెక్కతో కలవాలి. ఆపరేషన్ అనే ఫీల్డు 0 ఉందో 1 ఉందో చూడండి. 1 అంటే డెలిగేట్ కాల్. మీరు అడగకుండా 1 కనిపిస్తే ల్యాప్‌టాప్ మూసేయండి, క్లయింట్ ఎంత తొందరపెట్టినా సరే.

అంతా అయ్యాక కొత్త విలువలను వేరే ఆర్‌పీసీ నుంచి మరోసారి చదవండి, మిగిలిన గ్యాస్ డబ్బును వెనక్కి పంపండి. ఆ టెర్మినల్‌ను పడుకునేముందే మూసేయండి.