బరంపురంలో ఏఏ మీటింగుకి వెళ్లే ముందు

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కలుసుకునే గ్రూపు. రోజూ తాగే అలవాటుంటే, మీటింగు కోసమని ఒక్కసారిగా మందు ఆపేయకండి. ముందు డాక్టరుకి చూపించుకోండి. ఎమ్‌కేసీజీ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. టీ గ్లాసు పెదాల దాకా వచ్చేలోపే సగం ఒలికిపోయేంత వణుకు, చెమటలు, లేనివి కనిపించడం, ఫిట్స్: మానేసిన మొదటి 2, 3 రోజుల్లో ఇవి ప్రాణం మీదకి తెస్తాయి. అప్పుడు మీటింగు కాదు, ఆసుపత్రే.

గ్రూపు దొరక్కపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసి దగ్గర్లోని డీఅడిక్షన్ (తాగుడు మాన్పించే) సెంటర్ కనుక్కోండి, అక్కడ అడగండి. ఫోను ఉచితం.

బయలుదేరే ముందు టైము, చోటు మళ్లీ కనుక్కోండి. ఒడియాలో జరుగుతుందా, తెలుగులో మాట్లాడొచ్చా అని కూడా. ఇంట్లోవాళ్లు వస్తామంటే ‘ఓపెన్’ మీటింగేనా అని అడగాలి; ‘క్లోజ్డ్’ తాగుడు సమస్య ఉన్నవాళ్లకే.

ఫీజు లేదు. ఎవరైనా ఫీజు కట్టమన్నా, మందుపొడి అంటగట్టినా అది ఏఏ కాదు.

పాత జతగాళ్లు నిలబడే మందుషాపు వీధి వద్దు, చుట్టూ తిరిగైనా వెళ్లండి. ఇచ్ఛాపురం వైపు వాళ్లు ఆఖరి బస్సు చూసుకోవాలి.

లోపల పూర్తి పేరు చెప్పక్కర్లేదు, ఊరికే వినొచ్చు. పక్కవీధి బాబాయి కనిపిస్తే టెన్షన్ పడకండి. ఆయనా అందుకే వచ్చుంటారు.